ఒక్క ఊపిరిలో లాభం, రెండు, మూడు

సీతాఫల్‌మండిలో బియ్యం దుకాణం నడిపే నర్సింహులు సేఠ్ ప్రాణం ఒక సాయంత్రం ఆయన ఏ భాషలో లెక్కపెట్టాడన్న దాని మీద ఆధారపడింది. నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. కానీ మేం ఆ గదిలో చేసే పనేమిటో చెప్పకుండా ఆ సంగతి చెబితే అర్థం కాదు. అందుకని పనితోనే మొదలుపెడతాను.

నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఊపిరి పరీక్షల గదిలో పనిచేసి రిటైరయ్యాను. చేరింది మాత్రం ఆయమ్మగా, చక్రాల కుర్చీలు తోయడానికి. అప్పటికి నాకు చదువు రాదు. ఆ గదికి పెద్ద టెక్నీషియన్ రాజ్యలక్ష్మి మేడమ్. తెనాలి వైపు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడిన మనిషి. పేషెంట్లు లేని వేళల్లో ఆవిడే నాకు అక్షరాలు దిద్దించారు. నా పిల్లలు కాలేజీకి పోతున్న రోజులవి. అక్షరాల తర్వాత అంకెలు, అంకెల తర్వాత మిషన్, మిషన్ తర్వాత మనుషులతో పరీక్ష చేయించడం. అన్నిటికంటే కష్టమైంది చివరిదే. ఇప్పుడు అలాంటి గదుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

మొదట ఒక మాట. ఊపిరితిత్తులు వేరు, వాటిని ఆడించే కండలు వేరు. హార్మోనియం తిత్తి కొత్తదే కావచ్చు, చిల్లు లేకపోవచ్చు. కానీ దాన్ని లాగే చేతిలో బలం లేకపోతే పాట రాదు. ఎక్స్‌రే తిత్తిని చూపిస్తుంది. చేతి సంగతి చూడటం మా పని. నరాల జబ్బుల్లో, కండలు కరిగిపోయే జబ్బుల్లో, చాలా రోజులు మిషన్ మీద ఉండి లేచినవాళ్ళలో తిత్తులు శుభ్రంగానే ఉంటాయి. లాగే బలమే ఉండదు. ఇలాంటివాళ్ళు మామూలుగా దగ్గరు, ఆయాసపడరు, మనల్ని కంగారు పెట్టరు. అదే ప్రమాదం.

గుంజు అనాలా, పీల్చు అనాలా

చూడటానికి పరీక్ష సులువు. పేషెంటు కూర్చుంటాడు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. లోపలున్న గాలంతా వదిలేసి, మూసి ఉన్న గొట్టంలోంచి బలంకొద్దీ లోపలికి లాగాలి. గాలి రాదు. రాకపోయినా లాగాలి. ఆ లాగుడు ఎంత గట్టిదో మిషన్ నంబరు చూపిస్తుంది. తర్వాత దానికి తిరగేసి, ఛాతీ నిండా పీల్చి, మూసిన గొట్టంలోకి ఊదాలి. దగ్గే బలం ఉందో లేదో అందులో తెలుస్తుంది.

నేను చేరిన కొత్తల్లో మేడమ్ గొంతు కారిడార్ చివరిదాకా వినిపించేది.

"పీల్చండి... పీల్చండి... ఇంకా పీల్చండి!"

ఎదురుగా కూర్చున్న ముసలాయన అంతే బలంగా ఊదేవాడు.

"పీల్చమంటే ఊదుతారేంటండీ బాబూ!"

"నువ్వు గట్ల ఒర్రుతుంటే నాకేం సమజ్ అయితలేదమ్మా. గుంజాల్నా, ఇడువాల్నా?"

పక్కన కుర్చీ పట్టుకుని నిలబడ్డ నేను ఉండబట్టలేక, "గుంజాలె తాతా, దమ్ము లోపటికి గుంజాలె. బీడీ గుంజినట్టు," అన్నాను.

"గట్ల చెప్పరాదు మరి!" అని ఆయన ఒక్క గుంజు గుంజాడు. నంబరు ఎగిరింది.

"ఛాతీ డాక్టరుగారి గదిలో బీడీ పేరెత్తుతావా యాదమ్మా! ఆయన విన్నారంటే మనిద్దర్నీ బయటికి గుంజుతారు," అన్నారు మేడమ్. అన్నారు గానీ, ఆ మర్నాటి నుంచి ఆవిడ కూడా "గుంజండి" అనడం మొదలుపెట్టారు. బీడీ మాట కూడా గొంతు తగ్గించి వాడుకున్నారు. కొన్నాళ్ళు మా గదిలో నంబర్లు బ్రహ్మాండంగా వచ్చాయి.

మరీ బ్రహ్మాండంగా వస్తున్నాయని అనుమానపడింది కూడా మేడమే. ఒకరోజు ఆవిడ మిషన్ వదిలేసి పేషెంటు మొహాన్నే చూస్తూ కూర్చున్నారు. బీడీ అనగానే ఆయన బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. "మనం కొలుస్తున్నది బుగ్గల బలం యాదమ్మా, ఛాతీది కాదు," అన్నారు. అప్పటితో మా గదిలో బీడీ బందయింది. గొట్టంతో కొబ్బరి నీళ్ళు తాగినట్టు అని చెప్పడమూ బందయింది, అదీ బుగ్గల పనే. ఏం చెప్పాలని చాలా రోజులు వెతుక్కున్నాం. చివరికి దొరికింది చలికాలం స్నానం. "ఈపు మీద చన్నీళ్ళ చెంబు గుమ్మరిస్తే 'హా' అంటవు సూడు, గట్ల," అంటే ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు బుగ్గలు కదలవు, పొట్ట పైనుంచి లాగుతుంది.

ఆ గొట్టానికి సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. బుగ్గల మోసం సాగకుండా కొంచెం గాలి పోవడానికి పెట్టిందే అది. కొత్తగా చేరిన ఒక టెక్నీషియన్ అమ్మాయి గొట్టం చిల్లుపడిందనుకుని శ్రద్ధగా ప్లాస్టర్ అంటించింది. నాలుగు రోజులు మాకు అందరూ పహిల్వాన్లే వచ్చారు. మీరు చేరిన రోజున ముందు ఆ రంధ్రం ఎక్కడుందో చూసుకోండి. తర్వాతే కుర్చీలో కూర్చోండి.

తక్కువ నంబరు వస్తే

మేడమ్ ఒక సూత్రం చెప్పేవారు. మిషన్ ఎక్కువ చూపిస్తే, బుగ్గలు సరిగ్గా ఉన్నాయనుకుంటే, నమ్మొచ్చు. లేని బలాన్ని ఎవరూ చూపించలేరు. తక్కువ చూపిస్తే మాత్రం వెంటనే నమ్మకూడదు. బలం లేక తక్కువ రావచ్చు, మనం సరిగ్గా చెప్పక రావచ్చు, పెదవుల పక్కనుంచి గాలి పోయి రావచ్చు, సిగ్గుపడి రావచ్చు.

సిగ్గు అంటే నవ్వుతారేమో. రెజిమెంటల్ బజార్ నుంచి ఒక కోడలు, వెంట మామగారు వచ్చారు. నంబరు చూస్తే అమ్మాయిని అప్పటికప్పుడు చేర్చుకోవాలన్నంత తక్కువ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లాగుతోంది పాపం. నేను మామగారితో, "పెద్దయ్యా, కింద ఛాయ్ మంచిగ దొరుకుతది, జెర తాగొస్తవా?" అన్నాను. ఆయన అటు పోగానే ఆ పిల్ల కొంగు నడుముకు చెక్కి, కుర్చీ కదిలేలా గుంజింది. జబ్బూ లేదు, ఏమీ లేదు. పెద్ద డాక్టరుగారు రిపోర్టు చూసి, ఎలా పెరిగిందని అడిగారు. "ఛాయ్ తాగించాం సార్, మామగారికి," అన్నారు మేడమ్.

ఆ డాక్టరుగారిది దూకుడు స్వభావం. పొద్దున్న ఒక మాట అంటే దానిమీదే ఉండేవారు. కానీ ఎదురుగా పేషెంటును చూపిస్తే అంతే వేగంగా మాట మార్చుకునేవారు. నేను చూసిన పై అధికారుల్లో మెత్తగా మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాట మార్చుకోగలిగినవాళ్ళు తక్కువ. మీకు అలాంటి డాక్టరు దొరికితే ఆయన కోపాన్ని భరించండి, నష్టం లేదు.

తక్కువ నంబరును అనుమానించు, ఎక్కువ నంబరును నమ్ము. ఏళ్ళ తరబడి ఈ సూత్రం మమ్మల్ని మోసం చేయలేదు. సేఠ్ వచ్చాక తెలిసింది, అది మిషన్‌కే గానీ నోటి లెక్కకు పనికిరాదని.

సేఠ్ గారి లెక్క

నర్సింహులు సేఠ్‌కు ముందు విరేచనాలు పట్టాయి. అవి తగ్గాక కాళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత మంచం మీంచి లేవలేకపోయాడు. అది నరాల జబ్బు. కాళ్ళ నుంచి పైకి పాకుతుంది. కొందరిలో నడుము దగ్గర ఆగుతుంది, కొందరిలో ఛాతీకి ఎక్కుతుంది. ఛాతీకి ఎక్కితే గొంతులో గొట్టం వేసి కొన్నాళ్ళు మిషన్‌తో ఊపిరి ఆడించాలి. వేళకు వేస్తే మనిషి మళ్ళీ లేచి నడుస్తాడు. వేళ దాటితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆయన ఛాతీ బలం తగ్గుతోందా, నిలిచి ఉందా అని కనిపెట్టి చెప్పడమే మాకు అప్పజెప్పిన పని.

మా మిషన్ ఆయనకు పనికిరాలేదు. జబ్బు మొహానికీ తగిలి పెదవులు బిగుసుకోవడం లేదు. గొట్టం నోట్లో పెడితే పక్కలనుంచి గాలి పోతోంది. ముక్కుతో చేసే పరీక్ష ఒకటుంది గానీ, ఆయనకు జలుబుతో ముక్కు దిబ్బడేసింది. ఇలాంటప్పుడు పాత పద్ధతి ఒకటే మిగులుతుంది. ఛాతీ నిండా ఊపిరి తీసుకుని, మళ్ళీ పీల్చకుండా, ఆ ఒక్క ఊపిరిలో ఎంతదాకా పైకి లెక్కపెట్టగలడో చూడటం.

మొదటి రోజు మేడమ్, నేను వార్డుకు వెళ్ళాం. మంచం పక్కన ఆయన భార్య కళావతి కూర్చుని ఉంది.

"సేఠ్ గారూ, నిండా గాలి తీసుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టండి," అన్నారు మేడమ్.

"లాభం, రెండు, మూడు..."

"లాభం కాదండీ. ఒకటి."

"ఆయన ఒకటి అనడు మేడమ్," అంది కళావతి. "తాతల కాన్నుంచి వాళ్ళింట్ల కొలత లాభంతోనే షురూ అయితది. సచ్చినా ఒకటి అనడు. అయ్యో, నా నోట్ల మన్నువడ, ఏం మాటొచ్చింది!"

సేఠ్ వంకర నవ్వు నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. ఏడు అన్న అంకె కూడా ఆయన నోట రాదు. గింజలు కొలిచేటప్పుడు ఏడుపు మాట ఎందుకని పెద్దలు మానేశారు. మేడమ్ మొహం విప్పారింది. "మా నాన్నా ఇంతేనండీ. గడ్డితాడు చుట్టిన పురి విప్పి ధాన్యం కొలిచేప్పుడు ఆరున్నొకటే. మీ లెక్క మీదే, అలాగే కానివ్వండి," అన్నారు. ఆ రోజు ఆయన ఇరవై దాటి ఇంకా ముందుకు వెళ్ళాడు.

మర్నాడు కొంచెం తగ్గింది. మూడో రోజు పొద్దున ఇంకా తగ్గింది. పెద్ద డాక్టరుగారు మంచం దగ్గరే నిలబడి, "ఐసీయూలో మంచం ఆపి పెట్టించాను. మధ్యాహ్నం మళ్ళీ చూడండి. ఇంకా తగ్గితే మార్చేద్దాం, గొట్టం వేయాల్సి రావచ్చు," అన్నారు. సేఠ్ ఆ మాట విన్నాడు. ఆయన తమ్ముడు వేరే జబ్బుతో వేరే ఊళ్ళో గొట్టం వేయించుకుని తిరిగి రాలేదు. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు.

మధ్యాహ్నం మా గదిలో రద్దీగా ఉండి, వార్డు సిస్టరే లెక్క పెట్టించింది. కేరళ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. అంకె మొదటి రోజు దగ్గరికి తిరిగొచ్చింది. డాక్టరుగారు సంతోషించి, ఐసీయూ మంచం సాయంత్రం ఇంకొకరికి ఇచ్చేయమన్నారు.

సాయంత్రం ఇంటికి పోతూ నేను ఆ వార్డు ముందునుంచి వెళ్తుంటే కళావతి పిలిచింది.

"యాదమ్మక్కా, మా సేఠ్ పాస్ అయిండు! మీ మేడమ్‌కు చెప్పు, మిఠాయి తినిపిస్త."

"ఏం మంత్రమేసినవే కళావతీ?"

"మంత్రం లేదు మన్ను లేదు. పొద్దుగాల లాభం, రెండు అని నాన్చుకుంట చదివిండు. పగటీలి సిస్టర్ అడిగితే ఏక్, దో, తీన్, చార్ అని టకటక కొట్టిండు. లారీ దిగినప్పుడు హమాలీలతోని గిట్లనే లెక్కవెడ్తడు. ఉర్దూల అయితే జల్ది అయితది గదా."

మెట్లు దిగబోతున్న నేను అక్కడే ఆగిపోయాను. ఇరవై మూడు అని నోట్లో అనుకున్నాను. అదే ఉర్దూలో తేయీస్ అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను. ఒకదానికి పట్టే ఊపిరిలో రెండోది రెండుసార్లు అనొచ్చు.

వెనక్కి వచ్చి సేఠ్‌ను చూశాను. రక్తంలో ఆక్సిజన్ చూపే వేలి క్లిప్పు మంచి అంకే చూపిస్తోంది. దాన్ని చూసి ధైర్యపడకండి, ఈ జబ్బులో అది అన్నిటికంటే చివర పడిపోతుంది. ఆయన గొంతు కింది గుంటలు ప్రతి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. భుజాలు లేస్తున్నాయి.

"సేఠ్, ఉర్దూల ఎందుకు లెక్కవెట్టినవ్?"

"తెలుగుల... అంకెలు... పెద్దగున్నయి," అన్నాడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు.

కళావతికి అప్పుడు అర్థమైంది. "దుకాన్ల ఎన్నడు దొంగతూకం తూచనోడివి, ఈడికొచ్చి నీ పానాన్నే దొంగతూకం తూస్తవా?" అంది. 

"గొట్టం... వద్దు... కళా. తమ్ముడు..."

నేను పరుగున వెళ్ళాను. మేడమ్ సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర ఉన్నారు. నేను రెండు ముక్కలు చెప్పగానే సంచీ వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేశారు. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"సేఠ్ గారూ, మీ దుకాణం లెక్కే. లాభంతో మొదలుపెట్టండి. నేనేమీ అనను."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..."

ఆగాడు. పెదవులు కదిలాయి. ఆరున్నొకటి అనడానికి సరిపడా గాలి లేదు.

"ఏడు," అన్నాడు. అంతే, తర్వాత లేదు.

కళావతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడు అన్నడు," అంది నాతో, నేను విననట్టు. "పెండ్లయినకాడికెళ్ళి ఆయన లెక్కల ఈ మాట ఇనలేదక్కా."

మేడమ్ రెండోసారి చేయించలేదు. ఫోన్ తీశారు. డాక్టరుగారు వచ్చి తలవైపు మంచం కాస్త దించి చూశారు. ఊపిరి తీసుకున్నప్పుడు పైకి లేవాల్సిన పొట్ట లోపలికి పోతోంది. మధ్యాహ్నం అన్న మాటను ఆయన అక్కడికక్కడే తిప్పుకున్నారు. ఐసీయూకు మనిషిని పరిగెత్తించారు. మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. సేఠ్ వైపు వంగి, "ఇప్పుడు వేస్తే మనం చూసుకుని, నిదానంగా వేస్తాం. ఆగితే జబ్బే వేయిస్తుంది, అప్పుడు మన చేతుల్లో ఉండదు. మీకు బలం రాగానే తీసేస్తాను," అన్నారు. సేఠ్ కళావతి వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "వెయ్యున్రి సార్," అంది. ఆయన తల ఊపాడు.

ఆ కేరళ అమ్మాయి తర్వాత మా గదికి వచ్చి ఏడ్చింది. మేడమ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఛాయ్ తెప్పించారు. "నీకు తెలుగూ పరాయిదే, ఉర్దూ పరాయిదే. అంకె రాయమన్నాం, రాశావు. ఏ భాషో అడగమని మేమెవరమూ నీకు చెప్పలేదు," అన్నారు. అందులో ఓదార్పు ఎంత ఉందో నిజమూ అంత ఉంది. ఈ ఊళ్ళో ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. లెక్క దేనిలోనైనా పెట్టొచ్చు. మిగతా ఊళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, ఇక్కడ పనిచేసేవాళ్ళు అంకెతోపాటు భాష కూడా రాయాలి. మొదటి రోజు ఏ భాషలో, ఎలా మొదలుపెట్టాడో చివరిదాకా అదే. మేడమ్ ఆ రోజు నుంచి మంచం కమ్మీ మీద వేలితో తాళం కొట్టడం కూడా మొదలుపెట్టారు, ఎవరూ తొందరపడకుండా, నాన్చకుండా. తర్వాత అలాంటి పేషెంటు ఎవరొచ్చినా తలవైపు ఒక కాగితం అంటించేవాళ్ళం. తెలుగు అనో, ఉర్దూ అనో, ఇంగ్లీషు అనో. ఆ కాగితాలు రాసే పని నాదే. నా అక్షరాలు పెద్దగా ఉంటాయి, దూరం నుంచి కనపడతాయి.

మళ్ళీ వచ్చినప్పుడు

ఈ ఉద్యోగంలో ఒక లోటుంది. బాగైనవాళ్ళు తిరిగి రారు. రాకపోవడమే మంచిది, అయినా మనసుకు ఒకసారి చూడాలని ఉంటుంది. సేఠ్ వచ్చాడు. కొన్ని నెలల తర్వాత, చేతికర్రతో, కళావతి భుజం పట్టుకుని. గొంతు మీద గొట్టం పెట్టిన మచ్చ ఉంది. పెదవులు బిగుసుకుంటున్నాయి కాబట్టి ఈసారి మిషన్ మీదే చూశాం. చన్నీళ్ళ చెంబు గుర్తు చేసుకోమన్నాను. బుగ్గలు కదలకుండా గుంజాడు. నంబరు మంచిదే. మేడమ్ ఊదించారు, అదీ మంచిదే. పరీక్ష అయిపోయింది.

ఆయన లేవలేదు. "మేడమ్, నోటి లెక్క సుత చూడున్రి," అన్నాడు.

"అవసరం లేదండీ, మిషన్ చెప్పిందిగా."

"మీకు లేదు. నాకున్నది."

మేడమ్ నవ్వి, కుర్చీ చెయ్యి మీద వేలితో తాళం మొదలుపెట్టారు. సేఠ్ నిటారుగా కూర్చుని ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..."

కళావతి వైపు చూశాడు. తాళం పక్కన పడేసి, పాట ఎత్తుకున్నట్టు సాగదీశాడు.

"ఆరు... న్నొ... కటి!"

"ఊ, చాలు నీ రాగం! ముందటికి నడువు," అంది కళావతి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఆయన ముందుకు నడిచాడు. ఎనిమిది, తొమ్మిది, పది, పెద్ద పెద్ద తెలుగు అంకెలు, ఒక్కటీ మింగకుండా. ఆ రోజు ఎంతదాకా వెళ్ళాడని అడిగితే మాత్రం నేను చెప్పలేను. మేడమ్ తాళం ఎప్పుడో ఆపేశారు, రాయాల్సిన నేను కాగితం తీయనే లేదు.